దస్తావేజుల్లోని వేలిముద్రలకు కాపలా ఎవరు?

సంపాదక మహాశయా,

సైబర్ మోసాల గురించి మీ పత్రిక తరచుగా ప్రచురిస్తున్న సూచనలు ఎంతోమందికి ఉపయోగపడుతున్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, తెలియని లింకులు నొక్కవద్దని, పోలీసులమంటూ వచ్చే వీడియో కాల్స్‌కు భయపడవద్దని పదేపదే చెప్పడం అవసరమే. అయితే ఈ సూచనలన్నీ మనిషి తన చేతిలో ఉంచుకున్న సమాచారాన్ని ఎలా కాపాడుకోవాలో చెబుతాయి. ఏనాడో మన చేయి దాటి ప్రభుత్వ కార్యాలయాల దస్త్రాల్లోకి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి చేరిన సమాచారాన్ని ఎవరు కాపాడాలన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రావడం లేదు. గ్రామీణ బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, భూమి దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రలు, ఆధార్ నంబర్ల గురించి నాలుగు మాటలు మీ పాఠకుల ముందు, సంబంధిత అధికారుల ముందు పెట్టదలచుకున్నాను.

పల్లెల్లో బ్యాంకు శాఖ లేనిచోట బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంక్ మిత్ర దగ్గరో, కిరాణా కొట్టులోనో చిన్న యంత్రం మీద వేలు పెట్టి డబ్బు తీసుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైన పని. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడుపుతున్న ఈ ఏర్పాటును ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ అంటారు; బ్యాంకుల్లో అందరూ ఏఈపీఎస్ అనే పిలుస్తారు. ఉపాధి హామీ కూలి డబ్బుల కోసం మండల కేంద్రం దాకా వచ్చి, రోజు కూలి పోగొట్టుకుని, శాఖ ముందు వరుసలో నిలబడినవారిని చూసినవాడిని కాబట్టి ఈ సదుపాయం విలువ నాకు బాగా తెలుసు. దీన్ని ఎత్తివేయమని నేను అడగడం లేదు. కానీ ఇందులో డబ్బు తీయడానికి కావలసినవి మూడే మూడు: ఖాతా ఉన్న బ్యాంకు పేరు, 12 అంకెల ఆధార్ నంబరు, వేలిముద్ర. కార్డు అక్కర్లేదు, పిన్ అడగదు, ఓటీపీ రాదు. ఒక్కో విడతకు 10,000 రూపాయల దాకా తీయవచ్చు. ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉంటే చాలు, ఈ సేవ కావాలని ఖాతాదారు విడిగా సంతకం చేసి అడగకపోయినా అనేక ఖాతాల్లో అది పనిచేస్తూనే ఉంటుంది. తన ఖాతాకు ఇలాంటి తలుపు ఒకటి ఉందని తెలియని ఖాతాదారులు ఊరూరా ఉన్నారు.

ఈ మూడింటిలో బ్యాంకు పేరు కనిపెట్టడం కష్టం కాదు, ఒకటి కాకపోతే ఇంకొకటి ప్రయత్నించి చూడవచ్చు. మిగిలిన రెండూ, అంటే ఆధార్ నంబరూ వేలిముద్రా, పేరూ ఊరూ ఫొటోతో సహా ఒకే కాగితాల కట్టలో దొరికే చోటు ఒకటుంది. అదే రిజిస్టరైన దస్తావేజు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 2001లో చేర్చిన 32ఎ సెక్షన్ ప్రకారం, దస్తావేజు దాఖలు చేసేవారు దాని మీద తమ ఫొటో అంటించి వేలిముద్రలు వేయాలి. ఒకరి భూమిని మరొకరు తనదని చెప్పి అమ్మేయకుండా ఆపడానికి తెచ్చిన నిబంధన అది, మంచి నిబంధనే. తర్వాతి కాలంలో గుర్తింపు కోసం ఆధార్ నంబర్లు, కార్డు నకళ్లు కూడా వచ్చి చేరాయి. అమ్మేవారివి, కొనేవారివి మాత్రమే కాదు, మాట సాయంగా వచ్చి సంతకం పెట్టిన సాక్షులవి కూడా. ఇక అదే చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. భూమి కొనబోయేవాడు పాత లావాదేవీలు చూసుకోకపోతే మునిగిపోతాడు కనుక ఇదీ సరైన ఏర్పాటే. కాగితాల కాలంలో ఒక నకలు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, దరఖాస్తు రాసి, చలానా కట్టి, రెండు మూడు రోజులు తిరగాల్సి వచ్చేది. ఎవరు తీసుకున్నారో అక్కడి గుమాస్తాకు తెలిసేది. ఆ దస్తావేజులనే స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టినప్పుడు, ఎక్కడో కూర్చున్నవాడు వేలకొద్దీ నకళ్లను ఇంటి నుంచే దించుకునే వీలు ఏర్పడింది. మంచి ఉద్దేశంతో వేర్వేరు కాలాల్లో చేసిన ఏర్పాట్లు ఒకచోట కలిసినప్పుడు ఏం జరుగుతుందో ముందుగా ఆలోచించవలసిన బాధ్యత ఎవరిదో వారు ఆలోచించలేదు.

ఇది ఊహాగానం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకరు తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటిలోని వేలిముద్రలకు నకిలీలు తయారుచేసి, ఆ నకిలీ ముద్రలతో వేలకొద్దీ సిమ్ కార్డులు పనిచేయించిన కేసు బయటపడింది. అప్పటికి అతని ఉద్దేశం అమ్మకాల లక్ష్యం చేరుకోవడమే. అక్కడే మేలుకుని ఉంటే బాగుండేది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ దస్తావేజుల నుంచి తీసిన వేలిముద్రలతో నేరుగా ఖాతాల్లోంచి డబ్బే తీసింది. మరుసటి ఏడాది బెంగళూరులో ఇలాంటి ఫిర్యాదులే వచ్చి, కర్ణాటక ప్రభుత్వపు ఆస్తి రిజిస్ట్రేషన్ల కావేరి పోర్టల్‌లోని దస్తావేజుల మీదికి దృష్టి మళ్లింది. మొదటి ఘటన నుంచి రెండో ఘటనకు నాలుగేళ్లు గడిచాయి. ఒక రాష్ట్రంలో తేలిన లోపాన్ని పక్క రాష్ట్రం తన ఇంట్లోనూ వెతుక్కోవడానికి ఆ సమయం చాలదని నేను అనుకోను.

ఆధార్ నంబర్ల విషయానికి వస్తే హెచ్చరిక అంతకంటే ముందే వచ్చింది. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, వాటిలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉండవచ్చని అంచనా కట్టింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమా పథకానిది. వాటిని చూడడానికి ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. లబ్ధిదారుల జాబితాలను పారదర్శకత కోసమని ఆయా శాఖలే బయట పెట్టాయి. పథకం డబ్బు ఎవరికి చేరిందో ఊరికి తెలియాలన్నది న్యాయమే. కానీ పేరు, ఊరు, మొత్తం చూపితే ఆ ప్రయోజనం నెరవేరుతుంది. ఆధార్ నంబరు, ఖాతా నంబరు దానికి అక్కర్లేదు.

డబ్బు పోయినవారి పరిస్థితిని బ్యాంకు కౌంటరు వైపు నుంచి కూడా చెప్పాలి. ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, లేదా ఫోన్ పట్నంలో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది, లేదా సందేశం ఇంగ్లీషులో వస్తుంది. పాస్‌బుక్కు ముద్రించుకున్న నాడు గాని డబ్బు పోయిన సంగతి తెలియదు. అప్పుడు బ్యాంకుకు వస్తే, 'మీ వేలిముద్రతోనే తీసినట్టు చూపిస్తోంది, ఇంట్లోవాళ్లెవరైనా తీసుకెళ్లారేమో కనుక్కోండి' అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట అనేవారిలో చాలామంది చెడ్డవారు కారు, వారి తెరమీద కనబడేది అంతే. అయితే యంత్రం ఒక ముద్రను సరైనదిగా గుర్తించినంత మాత్రాన ఆ మనిషి ఆ రోజు అక్కడ ఉన్నట్టు రుజువు కాదని పై కేసులే తేల్చాయి. వేలు సజీవమైనదా, నకిలీదా అని యంత్రమే పసిగట్టే పద్ధతిని ఆధార్ జారీచేసే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2023లో ప్రవేశపెట్టింది. దాంతో మోసం కష్టతరమై ఉండవచ్చు గాని, దాన్ని చూపి బాధితుడి మాటను కొట్టిపారేయడం తగదు.

ఈ విషయంలో ఖాతాదారుకు ఉన్న హక్కు చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మరొకచోట జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద ఎటువంటి భారమూ పడకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. ఖాతాదారు తప్పు ఉందని నిరూపించవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే. కాబట్టి నష్టపోయినవారు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయడంతో పాటు, బ్యాంకులో నోటిమాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని ఒక ప్రతిని దగ్గర పెట్టుకోవాలి. తర్వాత కేసు నిలబడేది ఆ తేదీ మీదే.

ఆధార్ వెబ్‌సైటులో గాని ఎంఆధార్ యాప్‌లో గాని బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చని, అలా పెట్టుకుంటే వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయలేరని అధికారులు చెబుతుంటారు. అది నిజమే, వీలైనవారందరూ ఈరోజే పెట్టుకోవడం మంచిది. అవసరమైనప్పుడు కాసేపు తెరిచి మళ్లీ మూసుకోవచ్చు. కానీ ఈ సలహా ఎవరికి పనికివస్తుందో గమనించండి. ఉద్యోగం చేసుకుంటూ, స్మార్ట్‌ఫోను చేతిలో ఉండి, నెలల తరబడి ఎక్కడా వేలిముద్ర వేయనవసరం లేనివారికి ఇది సులువు. రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం మీద, పింఛను ఇచ్చేటప్పుడు, ఎరువుల బస్తా కొనేటప్పుడు వేలు పెట్టవలసిన మనిషి లాక్ పెట్టుకుంటే, ప్రతిసారీ ఆధార్‌కు జతచేసిన ఫోనుకు ఓటీపీ రప్పించుకుని తెరుచుకోవాలి. ఆ నంబరు పనిచేయకపోతే ఆ నెల బియ్యం ఆగిపోతాయి. అంటే వేలిముద్రను అందరికంటే ఎక్కువగా వాడవలసి వచ్చే పేదవారికే ఈ రక్షణ అందనిదవుతోంది. అందుకే బాధ్యతంతా వ్యక్తి మీదికి నెట్టే సలహాలతో సమస్య తీరదని నా అభిప్రాయం.

జిరాక్సుల సంగతి కూడా ఇదే కోవలోకి వస్తుంది. లాడ్జిలో గది కావాలన్నా, అద్దె ఇల్లు కావాలన్నా, పిల్లల్ని బడిలో చేర్చాలన్నా ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సిందే. ఆ కాగితం ఆ తర్వాత ఏ బీరువాలో ఉంటుందో, ఏ పాతకాగితాల కొట్టుకు చేరుతుందో చెప్పేవారుండరు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు; అసలు నంబరుకు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ వాడుకోవచ్చు; కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే నకలు ఉంచుకోకుండానే అది అసలుదో కాదో తెలుస్తుంది. ఇన్ని ఏర్పాట్లున్నా మాస్క్‌డ్ కాపీ చూపితే 'ఇది చెల్లదు, పూర్తి నంబరున్నది తెండి' అనే గుమాస్తాలే ఎక్కువ. 2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ కాపీ ఇవ్వాలని ఒక ప్రకటన విడుదల చేసింది. దాన్ని ప్రజలు తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కు తీసుకుంది. ప్రజలకు అందిన ఒక మంచి సలహా అలా మాయమైపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చట్టం లేదనడానికి వీల్లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. అంతకు ముందే, 2016 నాటి ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, నిబంధనల్లో చెప్పిన ప్రయోజనాలకు తప్ప ఆధార్ నంబరును గాని ఆ చట్టం కింద సేకరించిన బయోమెట్రిక్ సమాచారాన్ని గాని బహిరంగంగా ప్రచురించకూడదని, ప్రదర్శించకూడదని చెప్పింది (2019 సవరణ తర్వాత ఆ ఉపవిభాగంలో బయోమెట్రిక్ సమాచారానికి బదులు వ్యక్తిగత వివరాలు, ఫొటో అన్న మాటలున్నాయి). దస్తావేజు మీద వేసిన ముద్ర ఆధార్ కోసం తీసుకున్నది కాదు కదా అని శాఖవారు వాదించవచ్చు. కానీ వేలు ఒకటే, దాని గీతలూ అవే. చట్టంలోని అక్షరం ఆ ముద్రను కాపాడలేకపోతే, ఆ లోటును నియమాలతో పూడ్చవలసిన పని ప్రభుత్వానిది.

ఇప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా, డేటా బయటకు పొక్కితే ఆ సంగతి బాధితులకు తప్పక తెలియజేయాలన్న నిబంధన ఇందులో ఉన్నాయి. సంతోషించదగినవే. అయితే జరిమానా సొమ్మంతా కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి వెళుతుంది, నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయీ రాదు. అంతేకాక, నిర్లక్ష్యంగా వ్యవహరించిన సంస్థ నుంచి బాధితుడు పరిహారం కోరే వీలు కల్పించిన ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్‌ను తొలగించడానికి ఈ చట్టమే ఏర్పాటు చేసింది. ఖాతాలో పదివేలు పోయిన కౌలు రైతుకు ఢిల్లీలో ఎవరి మీదనో పడ్డ జరిమానా వల్ల ఏం ఒరుగుతుంది? పరిహారానికి చోటు కల్పించేలా ఈ చట్టాన్ని సవరించాలని మన పార్లమెంటు సభ్యులు పార్టీలకు అతీతంగా అడగాలి.

అంతదాకా వెళ్లకుండా రెండు తెలుగు రాష్ట్రాల్లోనే చేయగలిగిన పని చాలా ఉంది. మొదట చేయవలసింది రిజిస్ట్రేషన్ల శాఖల్లో. అసలు దస్తావేజు, అందులోని వేలిముద్రలు కార్యాలయ రికార్డులో భద్రంగా ఉండాలి. న్యాయస్థానం కోరినప్పుడు చూపించాలి. ఇతరులకిచ్చే నకళ్లలో మాత్రం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా నల్లగా కప్పివేయాలి. ఈ మాట చెబితే, 'నకలు అంటే యథాతథంగా ఉండాలి, కప్పివేస్తే అది సరైన నకలు కాదు' అన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. భూమి కొనేవాడికి కావలసింది సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న వివరం. అమ్మినవాడి బొటనవేలి గీతలు అతనికి దేనికి? నియమాలు మార్చే అధికారం రిజిస్ట్రేషన్ చట్టంలోని 69వ సెక్షన్ కింద రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్‌కే ఉంది. అవసరమైతే ఆ మార్పు చేసి, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం తీసుకోవచ్చు. కొత్త దస్తావేజులతో ఆగిపోకుండా, కంప్యూటర్లలోకి ఎక్కించిన పాతవాటికి కూడా ఇదే వర్తించాలి. ఎందుకంటే ముద్ర పాతబడదు. ఇరవై ఏళ్ల కిందట పొలం అమ్మిన మనిషి వేలు ఈనాటికీ అదే.

బ్యాంకులు చేయవలసినది కూడా ఉంది. ఆధార్‌తో డబ్బు తీసే సేవను ఖాతాదారు రాతపూర్వకంగా అడిగితేనే మొదలుపెట్టాలి. వద్దన్నవారికి శాఖలో ఒక చిన్న దరఖాస్తుతో ఆపేయాలి. వాడుకునేవారికి, తమ అవసరానికి తగ్గట్టు నెలకు రెండువేలనో మూడువేలనో పరిమితి పెట్టుకునే వీలుండాలి. డబ్బు తీసిన ప్రతిసారీ సందేశం తెలుగులో రావాలి. పాస్‌బుక్కులో ఇప్పుడు పడే పొట్టి అక్షరాలకు బదులు, ఏ ఊళ్లో, ఏ బ్యాంక్ మిత్ర దగ్గర తీసిందీ చదవగలిగేలా ముద్రించాలి. కర్నూలులో ఉన్న ఖాతాదారు డబ్బు ఇంకో రాష్ట్రంలో తీసినట్టు పాస్‌బుక్కులోనే కనబడితే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

నల్లగా కప్పడం ఈరోజే మొదలైనా, ఇంతకు ముందు దించుకున్న నకళ్లు వెనక్కు రావు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేము. కాబట్టి జరిగిన నష్టం ఎంతో ముందు లెక్క తేలాలి. మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడే దస్తావేజులు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్నాయి? పోలీసు కేసుల్లో బయటపడినవి కాక, ఒకే వ్యక్తి లేదా ఒకే చోటు నుంచి పెద్ద సంఖ్యలో నకళ్లు దించుకున్న సందర్భాలు తమ సర్వర్ల రికార్డుల్లో ఎన్ని ఉన్నాయి? ఆ దస్తావేజుల్లో ఉన్న అమ్మకందార్లకు, కొనుగోలుదార్లకు, సాక్షులకు ఒక్కరికైనా ఆ సంగతి తెలియజేశారా? శాఖవారు జవాబిస్తే దానిని ఈ ఉత్తరం వచ్చిన పుటలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రామీణ బ్యాంకు అధికారి,
నరసరావుపేట